నోట్లో పడ్డ చేదు గింజ

ఆ గింజ చేదుగా ఉందని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. ఒకే గదిలో మూడేళ్ళు ఉన్న స్నేహితురాలికి చెప్పలేదు. ఒక డాక్టరు నా ముఖంలోకి చూస్తూ నేరుగా అడిగిన రోజున కూడా చెప్పలేదు. నా డైరీలో మాత్రం ఆ తేదీ కింద రెండు ముక్కలున్నాయి: "చేదు. మింగేశాను."

ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళ ఆరోగ్యం కనుక్కునే పనిలో కొత్తగా చేరిన మీరు, మీ సంచికకు ఏదైనా అనుభవం రాసిమ్మని అడిగారు. ఆ పని నేను చేసింది మూడేళ్ళే. మానేసి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు ఒక నర్సింగ్ కాలేజీ లైబ్రరీలో కూర్చుని చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. ఇంకా ముప్ఫై దాటకుండానే ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం నాకే నవ్వు తెప్పిస్తోంది. అయినా రాస్తాను. నోటితో చెప్పమంటే ఎలాగూ చెప్పలేను.

అది బెంగళూరులో ఒక ఆసుపత్రి వాళ్ళు నడిపిన పథకం. ఆనేకల్ వీధుల్లో అరవై దాటినవాళ్ళను రెండు నెలలకొకసారి చూసి రావాలి. బీపీ చూడాలి, బరువు చూడాలి, జ్ఞాపకశక్తికి చిన్న పరీక్ష పెట్టాలి, ఏం తింటున్నారో అడిగి ఫారం నింపాలి. చివర్లో ఒక రంగుల కరపత్రం చేతిలో పెట్టాలి. దాని మీద బాదం, అక్రూట్, పిస్తా బొమ్మలుండేవి. రోజుకో గుప్పెడు గింజలు తింటే ముసలితనంలో మెదడుకు మంచిది, కాలేయానికి మంచిది అని కన్నడంలో ఉండేది. అక్రూట్ బొమ్మ చూసి ఒక తాత, "ఇదేంటమ్మా, మెదడు బొమ్మే వేసినారు?" అన్నాడు. ఆ వీధిలో ఎవరి ఇంట్లోనూ అక్రూట్ ఉండదని కరపత్రం వేసినవాళ్ళకు ఎవరు చెప్తారు? అందుకని నేనే ఒక మాట కలిపి చెప్పేదాన్ని: "ఇవేవీ లేకపోతే వేరుశెనగలైనా చాలు."

ఆ మాట తప్పు కాదు. ఇప్పటికీ తప్పు కాదు. మీరూ చెప్పండి. కాకపోతే నా కథ చదివాక చెప్పండి.

నేను రోజూ హెబ్బగోడిలో గది నుంచి బస్సెక్కి వెళ్ళేదాన్ని. సంచిలో ఫారాల కింద ఒక నవల దాచుకునేదాన్ని. నా రూమ్మేట్ కూడా అదే పథకంలో పక్క వార్డులో తిరిగేది. నోరున్న పిల్ల. ఒకరోజు నాతో వచ్చి నా పని చూసి, "నువ్వు ప్రశ్న అడుగుతుంటే అడిగినట్టు లేదే, క్షమాపణ చెప్పుకుంటున్నట్టు ఉంది" అంది. నిజమే. గుమ్మం ముందు నిలబడి తలుపు కొట్టడానికి నేను మనసులో పది లెక్కపెట్టుకునేదాన్ని.

అలా లెక్కపెడుతుండగానే, "ఎంతసేపు నిలబడతావు పాపా, తలుపు తీసే ఉండాది, రా" అని లోపలి నుంచి పిలిచిన మనిషి ఆ అవ్వ.

డెబ్భై దగ్గర వయసు. పొట్టిగా, గట్టిగా ఉండేది. జిగణిలో ఒక కంపెనీకి వెళ్ళే కూతురితో కలిసి రెండు గదుల ఇంట్లో ఉండేది. వాళ్ళ పూర్వులది అనంతపురం పక్క ఏదో పల్లె. ఈమె మాత్రం పుట్టి పెరిగింది ఇక్కడే. పాతికేళ్ళుగా ఒక వేరుశెనగ వ్యాపారి షెడ్డులో గింజలు ఏరే పని. చేటలో పోసుకుని రాళ్ళు, పుల్లలు, పుచ్చువి, రంగు మారినవి ఏరి పారేసి, మంచివి మూటకు వెయ్యాలి. తనంత వేగంగా ఏరేవాళ్ళు ఆ షెడ్డులో లేరని తానే చెప్పుకునేది.

మొదటిరోజు నేను "అమ్మమ్మగారూ" అన్నాను. మా గుంటూరు వైపు అలవాటు.

"గారూ గీరూ నాకేమిటికప్పా! అవ్వా అను. ఏమిటికి వచ్చినావో చెప్పు."

చెప్పాను. జ్ఞాపకశక్తి అన్నమాట వినగానే ఆమె చేతిలోని చేట పక్కన పెట్టింది.

"అదే కావాల నాకు. కాళ్ళు పోనీ, కండ్లు పోనీ, బుర్ర పోకూడదు పాపా. మాయమ్మకు కడాన బుర్ర పోయె. నేను అన్నం కలిపి నోట్లో పెడతా ఉంటే, నన్ను చూసి, 'ఎవరు నువ్వు, మీ ఇంట్లోవాళ్ళు నిన్ను చూసుకోరా' అనె. ఆ మాట నా కూతురు నా నోట వినకూడదు. అంతే. దానికి ఏం చెయ్యాల్నో చెప్పు, ఏం తినాల్నో చెప్పు, చేస్తా."

మూడు మాటలు చెప్పి అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ అడగడం మా పరీక్షలో ఒక భాగం. ఆవు, తాళం, మామిడి. మధ్యలో వేరే ప్రశ్నలు అడిగి, మళ్ళీ ఆ మూడూ చెప్పమన్నాను.

"ఆవును కొట్టంలో పెట్టి తాళం వేసినా. ఆకలైతే తింటాదని మామిడికాయ పెట్టినా. ఎక్కడికి పోతాది?" అంది అవ్వ.

మూడింటికి మూడు మార్కులు. నేను గట్టిగా నవ్వాను. ఇంకొకరి ఇంట్లో అంత గట్టిగా నవ్వడం నాకు అదే మొదలు. వెళ్ళేముందు కరపత్రం ఇచ్చి, వేరుశెనగల మాట చెప్పాను. మెదడుకూ మంచిది, లివరుకూ మంచిది, రోజుకో గుప్పెడు అన్నాను.

ఆ తర్వాత ప్రతిసారీ నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఆవు ఇంట్లోనే ఉండాది పాపా" అని అరిచేది. ఆ ఇంటిని నేను కావాలనే సాయంత్రానికి ఆఖరున పెట్టుకునేదాన్ని. ఆమె నా సంచిలో నవల పట్టేసింది కూడా. "బొమ్మలు లేని పుస్తకం అంత లావుగా ఎట్ల చదువుతావు? కత చెప్పు, వింటా ఏరుకుంటా" అనేది. నేను తలవంచుకుని కథ చెప్పేదాన్ని, ఆమె చేట వంక చూస్తూ వినేది. ఒకరి ముఖం ఒకరం చూడనక్కర్లేదు గనక నాకు మాటలు వచ్చేవి.

మూడోసారో నాలుగోసారో వెళ్ళినప్పుడు, అటక మీది నుంచి ఒక రేకు డబ్బా దించి, వేయించిన గింజలు గుప్పెడు నా చేతిలో పోసింది.

"నువ్వు చెప్పినప్పటి నుంచి ఒక్క దినం తప్పలేదు. షెడ్డులో ఏరేసినవి నూనెకు పోతాయి కదా, అవి మాకు సుమ్నే, దుడ్డు తీసుకోకుండా ఇస్తారు. తెచ్చి, కడిగి, ఎండబెట్టి వేయిస్తా. తిను పాపా."

మూడు నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. మొదటివి బాగానే ఉన్నాయి. ఒకటి పంటి కింద నలగగానే నోరంతా చేదు. మామూలు చేదు కాదు, తడి గోనెసంచి వాసనతో కలిసిన చేదు. నాలుక వెనక్కి లాక్కుపోయింది. చేతిలో మిగిలిన వాటిని చూశాను. కొన్ని ముడుచుకుపోయి, నల్లబడి ఉన్నాయి. ఒకదాని మీద పచ్చటి పొడిలాంటిది కనిపించింది.

చిన్నప్పుడు మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ ప్రార్థనలకు వెళ్ళేది. పెట్టినవాళ్ళ ముందు ముఖం చిట్లించకూడదు, ఏది పెడితే అది తిని బాగుందని చెప్పాలి అని నేర్పింది. ఆ చదువు నాకు బాగా వంటబట్టింది. నీళ్ళు అడిగి గింజ మింగేశాను. మిగిలినవి రుమాలులో కట్టుకున్నాను.

"ఎట్లుండాయి?" అంది అవ్వ.

"బాగున్నాయి అవ్వా."

గదికి వెళ్ళాక పుస్తకం తీశాను. చదువుకునేటప్పుడు అది మాకు రెండు మార్కుల ప్రశ్న. తడి తగిలి బూజు పట్టిన వేరుశెనగల్లో విషం చేరుతుంది, అది కాలేయాన్ని పాడు చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. పరీక్షలో ఆ రెండు మార్కులూ నాకు వచ్చాయి. డైరీలో "చేదు. మింగేశాను" అన్న ముక్కల కింద ఇంకో వాక్యం రాసుకున్నాను: "వచ్చేసారి అవ్వకు చెప్పాలి."

వచ్చేసారి వెళ్ళేసరికి ఆమె పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని గింజలు పంచుతోంది. "ఈ పాపే చెప్పింది, ఈ పాపకు కూడా ఇష్టం" అని నన్ను చూపించింది. అంతమంది ముందు ఆ గింజలు చూపించి ఇవి తినకూడదు అనడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళు వెళ్ళాక చెబుదామనుకున్నాను. నా బస్సు టైము అయ్యేదాకా వాళ్ళు వెళ్ళలేదు. డైరీలో మళ్ళీ అదే వాక్యం. ఆ తర్వాతసారి తాళం వేసి ఉంది. మళ్ళీ అదే వాక్యం. ఇప్పుడు ఆ పేజీలు తిప్పితే, ఒకే ఇంపోజిషన్ రాసిన బడిపిల్ల నోటుబుక్కులా ఉంటుంది.

ఈలోగా నాకు మంచి పేరు వచ్చింది. మా ఫారంలో గింజలు వారానికి ఎన్ని రోజులు తింటున్నారు, ఎంత తింటున్నారు అని రెండు గళ్ళు ఉండేవి. ఎలాంటివి అన్న గడి లేదు. అవ్వ ఫారంలో ప్రతిసారీ "ఏడు రోజులు, గుప్పెడు" అని రాసేదాన్ని. మా పెద్ద మేడమ్ దాన్ని మీటింగులో అందరికీ చూపించి, "మాట్లాడదు గానీ ఈ అమ్మాయి మాట వింటారు చూడండి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను. అది వినయం అనుకున్నారు.

పెద్ద మేడమ్ చెడ్డ మనిషి కాదు, మీరు అలా అనుకోకండి. నర్సుగా పాతికేళ్ళు చేసి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతోనే మాతో వీధులు తిరిగేది. ఎప్పుడూ ఇద్దరికి సరిపడా టిఫిను తెచ్చి, "నాకు ఎక్కువైంది, నువ్వు తిను" అనేది. ఆరు నెలలకొకసారి మాలో ఒక్కొక్కరితో వచ్చి పని సరిగ్గా చేస్తున్నామో లేదో చూసేది. అలా ఒకరోజు నాతో అవ్వ ఇంటికి వచ్చింది.

ఆవు మాట వినిపించలేదు. అవ్వ పట్టపగలు పడుకుని ఉంది. కూతురు సెలవు పెట్టి ఇంట్లో ఉంది.

"పదైదు దినాలుగా ఇట్లే మేడమ్. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. మొన్న కాఫీలో ఉప్పు వేసె. షెడ్డుకు పోయి మంచివి పారేసి, పుచ్చువి మూటలో పోసెనంట. పనిలోకి రావద్దనిరి."

అవ్వను లేపి కూర్చోబెట్టాం. నన్ను చూసి నవ్వింది గానీ ఎవరో పోల్చుకుందో లేదో తెలియలేదు. మూడు మాటలు చెప్పాను. అయిదు నిమిషాల తర్వాత అడిగాను.

"ఆవు" అంది. చాలాసేపు ఆగింది. "ఆవు యాడికో పోయె పాపా. తాళం నేను వేయలేదా?" అని కూతురి వైపు భయంగా చూసింది.

కూతురు నీళ్ళ గ్లాసు అందించింది. అవ్వ చెయ్యి చాచింది. ఆ చెయ్యి మణికట్టు దగ్గర ఒక్కసారి వాలిపోయి, మళ్ళీ లేచి, మళ్ళీ వాలింది. తడిసిన పిట్ట రెక్క కొట్టుకున్నట్టు. నీళ్ళు ఒలికాయి. తుడుస్తూ వంగిన నాకు ఆమె కళ్ళు దగ్గరగా కనిపించాయి. తెల్లగుడ్డు పసుపుపచ్చగా ఉంది. అటక మీద ఆ రేకు డబ్బా ఉంది.

వణికే చేతులు, పసుపు కళ్ళు, పగటి నిద్ర. ఈ మూడూ ఆవు, తాళం, మామిడిలాగే నా బుర్రలో ఒక దాని పక్కన ఒకటి కూర్చున్నాయి. ఇది మతిమరుపు కాదు, కాలేయం అని నాకు తోచింది. పెద్ద మేడమ్ మోకాళ్ళ నొప్పితో గుమ్మం దగ్గర కుర్చీలోనే కూర్చుండిపోయింది. అక్కడి నుంచే కూతురితో కన్నడంలో మాట్లాడుతోంది: "వయసు కదమ్మా, మీ అమ్మమ్మకు కూడా ఉండేదన్నారు కదా. జ్ఞాపకశక్తి క్లినిక్కుకు చీటీ రాసిస్తాను. నెల తర్వాత తేదీ ఉంది, తీసుకురండి." వాళ్ళ రెండు మాటల మధ్య దూరడానికి నాకు ఖాళీ దొరకలేదు.

తిరిగి వస్తూ బస్సులో ధైర్యం తెచ్చుకున్నాను.

"మేడమ్, అవ్వ కళ్ళు..."

"ఏమిటి? వినబడలేదు, ఈ బస్సు మోత."

"ఏం లేదు మేడమ్."

"ఇదుగో, ఈ ఇడ్లీ తిను. నాకు ఎక్కువైంది."

ఇడ్లీ తిన్నాను. బాగుంది అన్నాను.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం కూతురు ఫోను చేసింది. "అమ్మ లేవడం లేదు మేడమ్, పిలిస్తే పలకడం లేదు." నేను వెళ్ళేసరికి ఆసుపత్రిలో చేర్చారు. ఆ సాయంత్రం డాక్టరు మా ఇద్దరినీ పక్కకు పిలిచాడు. చిన్నవాడు, నా వయసే ఉంటుంది. ఓపికగా చెప్పాడు.

"మీ అమ్మగారికి బుర్ర పోలేదమ్మా. లివరు పాడైంది. లివరు బయటికి పంపాల్సిన చెత్త రక్తంలో మిగిలిపోయి తలకెక్కింది. దానికి మందు ఉంది, రెండు మూడు రోజుల్లో తెలివి వస్తుంది. కానీ లివరులో గడ్డ ఉంది. పెద్దది. దానికి మాత్రం ఇప్పుడు ఏమీ చెయ్యలేం." తర్వాత, "ఏం తినేది?" అని అడిగాడు.

కూతురు నన్ను చూపించింది. కోపంతో కాదు. సాక్ష్యానికి.

"చెనిక్కాయలు సార్. ఈ మేడమ్ చెప్పినప్పటి నుంచి ఒక్క దినం తప్పలేదు. ఏరేసిన వాటిలో కూడా మంచివి నాకు పెట్టి, చేదువే తాను తినేది. కామెర్లకు నేల ఉసిరి నూరి ఇస్తారు కదా, అది తీపా, చేదే కదా, లివరుకు చేదే మందు అని. ఒకటి తీపిది వచ్చినా ఉమ్మేసి చేదుది ఎత్తుకునేది."

ఇది నాకు అంతవరకు తెలియదు. మంచి చెడు ఏరడంలో ఆ షెడ్డులో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ చేతులతోనే రోజూ కూర్చుని తన కోసం చెడ్డవి ఏరుకుంది. మెదడుకూ మంచిది, లివరుకూ మంచిది అని నేను చెప్పాను గనక.

డాక్టరు నా వైపు తిరిగాడు. "మీరు ఇంటికి వెళ్ళేవారు కదా. ఆ గింజలు చూశారా?"

"చూశాను సార్."

"రుచి చూశారా ఎప్పుడైనా?"

"లేదు సార్" అన్నాను.

ఆయన తల ఊపాడు. "ఇది ఒక్క ఏడాదిలో వచ్చింది కాదు. పాతికేళ్ళుగా ఆ షెడ్డులో పని చేస్తూ, ఏరేసినవి అప్పుడప్పుడూ తింటూనే ఉండి ఉంటుంది. పాత కామెర్ల వైరస్ కూడా ఉన్నట్టుంది. దేని వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు." కూతురు మందులకు వెళ్ళాక నేను అడిగాను, ఒక నెల ముందు తీసుకొచ్చి ఉంటే అని. ఆయన నిజమే చెప్పాడు. "గడ్డ అప్పటికీ ఉండేది. బతికించలేకపోయేవాళ్ళం. కానీ ఆ నెల రోజులు మందుతో తెలివిగా ఉండేది. కూతురిని గుర్తుపట్టేది."

మతి లేని ఆ నెలలో ఒకరోజు అన్నం పెడుతుంటే తల్లి తనను ఎవరు నువ్వని అడిగిందని కూతురు నాతో అంతకుముందే చెప్పింది. అవ్వ దేనికి భయపడి గింజలు తిన్నదో, అదే జరిగింది.

ఆ తర్వాత కరపత్రంలో ఒక వాక్యం చేర్చమని పెద్ద మేడమ్‌ను అడిగాను. ఆ ఉద్యోగంలో నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆమె సరే అంది. పైవాళ్ళ అనుమతి వచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు మీరు పంచుతున్న కరపత్రంలో అక్రూట్ బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి: చేదుగా ఉన్నవి, ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి తినకూడదు. ఆ వాక్యం నాది. నేను అచ్చులో చూసుకున్న ఒకే ఒక్క వాక్యం. అది అచ్చయ్యేసరికి నేను ఉద్యోగం మానేశాను.

ఎవరింట్లోనైనా ఏదైనా పెడితే తినండి. చేదుగా ఉంటే చేదుగా ఉందనండి. వాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

మందు పనిచేసింది. అవ్వకు తొమ్మిది రోజులు పూర్తి తెలివి ఉంది. అందులో అయిదు రోజులు ఇంట్లో గడిపింది. ఆ తర్వాత మళ్ళీ నిద్రలోకి జారిపోయింది, ఇక లేవలేదు. మట్టి వేసే వేళకు నేను వెళ్ళాను గానీ, దూరంగా నిలబడ్డాను.

ఆ అయిదు రోజుల్లో ఒక సాయంత్రం చూడటానికి వెళ్ళాను. ఫారం తీసుకెళ్ళలేదు. గుమ్మం దగ్గర పది లెక్కపెట్టుకుంటుంటే లోపలి నుంచి గొంతు వినబడింది, సన్నగా. "ఆవు ఇంట్లోనే ఉండాది పాపా. తాళం వేసినా. మామిడికాయ పెట్టినా."

వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. కూతురు వంటగదిలో ఉంది. డాక్టరు చెప్పాడని ఇంట్లో ఉన్న గింజలన్నీ కూతురు పారబోసింది. అటక ఖాళీగా ఉంది. ఆ రోజు మొత్తం చెప్పేద్దామని వెళ్ళాను. బస్సులో వరస కూడా పెట్టుకున్నాను.

"అవ్వా, ఆ రోజు మీరు నాకు గింజలు పెట్టారు కదా, అప్పుడు నేను..."

అవ్వ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. దిండు కింద తడిమి ఒక చిన్న గుడ్డమూట తీసింది. కూతురు పారబోసేలోపే ఏరి, ఆమె కంట పడకుండా దాచినట్టుంది. ముడి విప్పి నా చేతిలో పెట్టింది. అన్నీ ఒకే లావు గింజలు, గులాబీ రంగువి, ఒక్కటి కూడా ముడుచుకున్నది లేదు. వణికే ఆ చేతులతో వాటిని ఎన్ని గంటలు ఏరిందో.

"బాగుండాయని చెప్తివి గానీ, నీ మొగం నేను చూడలేదనుకుంటివా? నీకు చేదు పడదు. నీకని మంచివే ఏరి పెట్టినా. తీసుకో పాపా."